పర్మిట్టు రాని చెరకు

మా మనవరాలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేస్తుంది. కిందటి సీజనుకి ముందు, చెరకు కొనే ఒక చిన్న కంపెనీ పని ఒప్పుకుంది. రైతుల పాత వివరాలన్నీ కొత్త కంప్యూటరులోకి ఎక్కించాలి. అది పూర్తయ్యేదాకా ఎవరికీ కోత పర్మిట్టు ఇవ్వరు. పర్మిట్టు లేని బండిని గేటు దాటనివ్వరు.

మా పక్క పొలం రైతు రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అతని చెరకు కోతకొచ్చింది. కూలీలు దొరికారు గానీ, ఆలస్యమైతే చీడికాడ వైపు వెళ్లిపోతామంటున్నారు. ఆ చెరకు తప్ప ఆ ఇంటికి వేరే రాబడి లేదు.

మనవరాలి పని మాత్రం ముందుకు కదలదు. ఫ్యాను, కంప్యూటరు పొద్దస్తమానం నడుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏటే, కరెంటేటి ఊరకనే వస్తందా?" అన్నాను.

పని ఎందుకు సాగడం లేదో చెప్పింది. ఒక్కో రైతు వివరం ఎక్కినప్పుడల్లా ఇండెక్సులో దాని చోటు వెతికి ఇరికించాలట. పేరు కొట్టగానే మనిషిని చూపించేది ఆ ఇండెక్సేనట. లోపల ఎంత పేరుకుంటే అంత బరువెక్కుతుందట. నేను చదివింది మూడో తరగతి. అయినా అంతవరకు అర్థమైంది. ఎండిన పిడకలు గంపలతో తెచ్చి దొడ్లో పోసేస్తాం, గూడు తర్వాత పేరుస్తాం. ఒక్కో పిడకా తెచ్చి పేర్చేవాళ్లుండరు.

చివరికి మనవరాలూ అలాగే చేసింది. ఇండెక్సు తీసేసి, అన్నీ ఒక్కసారి ఎక్కించి, తర్వాత కొత్తగా కట్టుకుంటానంది. పని పరుగెత్తింది.

"రేపటికి పర్మిట్టు వచ్చేస్తాది బాబాయ్, కోయించుకో" అని అతనికి చెప్పింది. అతను ఆ పొద్దే కత్తి పెట్టించాడు.

ఎక్కించడం అయింది. ఇండెక్సు కట్టబోతే మాత్రం కంప్యూటరు కట్టనివ్వలేదు. ఒకే మనిషి రెండుసార్లు రాకుండా కాపు కాసేది కూడా అదేనట. ఉంటే అప్పుడే ఆపి అడిగేదట. అది లేనప్పుడు పేరు, తండ్రి పేరు, ఊరు ఒక్కటైన జంటలు చాలా చేరిపోయాయి. కంపెనీవాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు. మనవరాలు ప్రతి జంటా ఒకే మనిషనుకుని, పాతది ఉంచి, కొత్తది తీసేసింది.

మా వైపు తాత పేరు మనవడికి పెడతారు. తండ్రికి ముత్తాత పేరుంటుంది. అలా తాతా మనవడూ పేరులోనూ తండ్రి పేరులోనూ ఒక్కటే అవుతారు. మా ఇంట్లోనూ అంతే. ఇది పుట్టింది ఈ ఇంట్లోనే, నేనేమో పక్కనే ఉన్నాను. ఇద్దరికీ తట్టలేదు.

చాలామందికి పర్మిట్లు వచ్చాయి, పక్క పొలం రైతుకి రాలేదు. కోసిన చెరకు కట్టలు కట్టి పొలంలో పడి ఉంది. వచ్చి పేరు చూడమన్నాడు. ఇప్పుడు కంప్యూటరు టక్కున చూపించింది, ఆ రైతు మరణించాడని.

అతను తెర వైపు వంగి చూశాడు.

"అది మా తాత, పాపా. సచ్చినోడిని ఉంచి బతికున్నోడిని తీసేసేవు."

మనవరాలు వెంటనే కంపెనీకి ఫోను చేసింది. తిరిగి ఎక్కించడానికి పైనుంచి అనుమతి రావాలన్నారు కంపెనీవాళ్లు. అది వచ్చేసరికి చెరకు ఎండి బరువు పోయింది. గేటు దగ్గర చూసి తిప్పి పంపేశారు. బెల్లం వండేవాళ్లు కూడా, రసం పులిసింది, గడ్డ కట్టదన్నారు.

అతను దాన్ని పొలంలోనే కాల్చాడు. పొగ మా ఇంట్లోకి వచ్చింది. మనవరాలు తలుపు వేయబోతే వద్దన్నాను.