కాట్రేనికోనలో కొబ్బరి పీచు దారి

మా అమ్మాయి సుజాత డిజైనర్. కాట్రేనికోనలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి నేల వేసింది. అదే తన మొదటి పని. దాన్ని ఉంచాలో పీకెయ్యాలో శనివారం తేలుస్తానని డాక్టరుగారు అన్నారట. ఉండబట్టలేక నేనూ బయలుదేరాను.

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకు అమలాపురం బస్సు ఎక్కాను. కొత్తపేట దాటాక పక్క సీటాయన మాట కలిపాడు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారమట.

"అమ్మాయిగారు ఏం చేస్తారండీ?"

"ఏవో ఇంటీరియర్సు లెండి," అని నసిగాను. పీచు మధ్యే బతికిన మనిషితో, మా అమ్మాయి ఆసుపత్రి నేలకు పీచు పరిచిందని చెప్పడానికి నోరు రాలేదు.

తొమ్మిదిలోపే అమలాపురం చేరాం. పెసరట్టు ఉప్మా తిని కాట్రేనికోన ఆటో ఎక్కాను. ఆటో నిండితేగాని కదలదు, అరగంట చేతిలో ఉంచుకోండి.

ఆసుపత్రి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. నేను మాత్రం బూట్లతోనే దర్జాగా లోపలికి నడిచాను.

"నాన్నా, అవి విప్పితేగాని నా పని మీకు తెలీదు," అంది సుజాత.

సాక్సుతో సహా విప్పాను. పాదాల కింద గరగరమంటూ పీచు పట్టా, గుమ్మం నుంచి డాక్టరు గది దాకా తిన్నగా ఉంది. బాత్రూము వైపు మళ్ళే చోట మాత్రం నున్నటి కొబ్బరి చెక్క.

"ఇక్కడ ఎవరూ చెప్పులతో లోపలికి రారు. అందుకే కళ్ళ పని కాళ్ళకి అప్పజెప్పాను," అంది.

తన గది గుమ్మంలో నిలబడ్డ డాక్టరుగారు మొహమాటపడ్డారు. "బాగానే ఉందమ్మా. టైల్సు వేస్తేనే ఆసుపత్రిలా ఉంటుందని మావాళ్ళు అంటున్నారు."

సుజాత ముఖం వాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

అంతలో బెంచీ మీది పెద్దాయన లేచారు. చేపల వేట మానేసిన మనిషి. ఒక కంటికి నిన్నటి ఆపరేషన్ కట్టు, రెండో కంటినిండా శుక్లం. నర్సు చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. పాదంతో తడుముకుంటూ నడిచి, చెక్క తగలగానే మళ్ళారు. కాసేపటికి తిరిగొచ్చి, పీచు పట్టా వెంబడే నేరుగా డాక్టరుగారి ముందు నిలబడ్డారు.

"ఒక్కరే వచ్చేరా?" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్. కాలికి తెలుస్తుందండీ. కోడల్ని పిలవకుండా బాత్రూముకెళ్ళి నెలలైందండీ."

డాక్టరుగారు వంగి పట్టా వైపు చూశారు. తరువాత, "టైల్సు వద్దులే అమ్మా," అన్నారు సుజాతతో.

నా కూతురని పొంగిపోయాను. దాచుకోలేదు కూడా.

నాలుగింటికి అమలాపురంలో తిరుగు బస్సు ఎక్కాను. మీరూ ఎప్పుడైనా అటు వెళితే సాక్సు కూడా విప్పండి. అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు పొద్దుటి వ్యాపారి ఎక్కుతాడేమోనని తలుపు వైపే చూశాను. ఎక్కలేదు.

పక్కన కూర్చున్నావిడ ఏమీ అడక్కపోయినా, ఆవిడకే చెప్పాను, "మా అమ్మాయి కొబ్బరి పీచుతో నేల వేస్తుందండీ," అని.