దిగ్విజయానికి రెండు మార్కులు

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి తెలుగు వ్యాసంలో ఇరవైకి పదిహేడు వచ్చాయి. వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఎవరితోనూ మాటల్లేవు. పదిహేడు తక్కువేమీ కాదు. కానీ ఆ వ్యాసం మార్కులను బట్టే జిల్లా వక్తృత్వ పోటీకి నలుగురిని ఎంచుతారు. నాలుగో పిల్లకు పద్దెనిమిది వచ్చాయి. ఆ వేదిక ఎక్కాలని మా అమ్మాయి ఆరో తరగతి నుంచి కలలు కంటోంది. వచ్చే ఏడు పదో తరగతి. పదో తరగతి పిల్లల్ని పోటీలకు వదిలే బడి, మా అమ్మాయి చదివే బాచుపల్లి మొత్తంలో నాకు తెలిసి ఒక్కటీ లేదు. అంటే ఇదే ఆఖరు.

పోయిన మూడు మార్కుల్లో ఒకటి చేతిరాతకు పోయింది. దానిమీద నాకు తగాదా లేదు. మిగతా రెండూ ఒకే మాటకు పోయాయి. బయటివాళ్ళలాగే మన దక్షిణాది రాజు ఒకాయన కూడా పొరుగు రాజ్యంపై దండయాత్ర చేశాడని ఈ పిల్ల రాసింది. సారు ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'దిగ్విజయ యాత్ర' అని దిద్ది, పక్కన 'పదదోషం' అని రాశారు. ఆ రాజు పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఈ పేజీ కూడా మా తెల్లాపూర్ అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులా తయారవుతుంది.

నేను గచ్చిబౌలిలో ఆఫీసు బస్సుల వేళలు చూసే ఉద్యోగిని. ఏ బస్సు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ రూటులో ఎన్ని సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి అన్నది నా పని. ఇంటర్ తప్పినవాణ్ణి. లెక్కలు నాకెవరూ చెప్పలేదు, పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. అలా నేర్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. సొంతంగా లెక్కపెడితే గాని ఏదీ నమ్మడు. అందుకని ఆదివారం పొద్దున, తరగతిలో సారు చెప్పి రాయించిన నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. బయటివాళ్ళు మనమీదికి వచ్చిన చోట్లు పదకొండు. పదకొండింట్లోనూ దండయాత్రే. మనవాళ్ళు బయటికి పోయిన చోట్లు ఏడు. ఐదింట్లో దిగ్విజయం, ఒకదాంట్లో రాజ్యవిస్తరణ, ఇంకోదాంట్లో 'ఆ దేశాన్ని ససైన్యంగా దర్శించెను'. దర్శించెనట! ఊళ్ళు తగలబెట్టి రావడం దర్శనమైతే, తిరుమలలో క్యూ కట్టి మనం చేసేదానికి వేరే మాట వెతుక్కోవాలి.

మనసు ఆగక కిందికి దిగితే, మా పై అంతస్తులో ఉండే కడప ఆయన నడుస్తూ కనిపించాడు. ప్లాట్ల వ్యాపారం. విషయం చెబితే నవ్వాడు.

"ఆ కాలం రాజుల్ని ఈ కాలం తూకంతో తూస్తే ఎట్లన్నా? అప్పుడు అదే ధర్మం. గెలిచినోడే రాజు."

"మరి మొన్న గ్రూపుల, ఉత్తరం దిక్కుకెల్లి వచ్చినోణ్ణి రాక్షసుడన్నవు కద? ఆయనది గూడ ఆ కాలమే."

"వాడు వేరేలేబ్బా."

"ఏంది వేరే?"

"వాడు బయటోడు గదా!"

"తెల్లాపూర్‌కు నువ్వు గూడ బయటోనివే."

"నేను రిజిస్ట్రేషన్ చేయించుకోని వచ్చినా సామీ, గుర్రమెక్కి రాల్యా!" అని చెయ్యూపి వెళ్ళిపోయాడు.

ఈ కాలపు నీతితో ఆ కాలాన్ని కొలవకూడదంటారు. సరే, కొలవొద్దు. ఆ కాలపు నీతితోనే కొలుద్దాం. ఏదైనా సరే, అందరికీ అదే వాడాలి కదా! ఒక బస్సు ఆలస్యాన్ని నా గడియారంతో, ఇంకో బస్సు ఆలస్యాన్ని డ్రైవరు గడియారంతో చూస్తే నన్ను ఉద్యోగంలో ఉంచుతారా? అసలు అప్పట్లో అది తప్పే కాదన్న మాట కూడా నిలవదు. కళింగను గెలిచిన చక్రవర్తి లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని పట్టుకుపోయామని, అందుకు కుమిలిపోతున్నానని తానే బండమీద చెక్కించాడు. ఈ కాలం వాళ్ళెవరూ పోయి ఆయనకు నీతి చెప్పలేదు.

సోమవారం రెండు గంటలు పర్మిషన్ పెట్టి బండిమీద బాచుపల్లి వెళ్ళాను. తెలుగు సారు స్టాఫ్‌రూములో ఉన్నారు. గోదావరి వైపు మనిషి, ఇంచుమించు నా వయసు.

"రెండు మార్కుల కోసం అంత దూరం నుంచి వచ్చారా అండీ?"

"మార్కుల కోసం కాదు సార్" అన్నాను. అబద్ధం. మార్కుల కోసమే.

నా లెక్క కాగితం ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తగిలించుకుని, నోట్సు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి మొదటి నుంచీ లెక్కించారు.

"పదకొండు కాదండి, పన్నెండు. ఈ పేజీ వదిలేశారు మీరు."

పెన్ను తీసి పదకొండు కొట్టేసి పన్నెండు వేశాను. ఆయన నెమ్మదిగా చెప్పారు.

"నిజానికి దండు కదిలితే దండయాత్రేనండి, ఎవరిదైనా సరే. అందులో తిట్టేమీ లేదు. మనమే దాన్ని తిట్టు చేశాం."

"మరి దోషమెట్లయితది సార్?"

"పోటీలో జడ్జీలుంటారు కదండీ. మన రాజుని పట్టుకుని ఆ మాటంటే అక్కడ మొత్తం పోతుంది. ఇక్కడే రెండు పోతే పిల్ల జాగ్రత్తపడుతుందనుకున్నాను. ఆ మాటొక్కటి మార్చి తిరగరాయమనండి. మార్కులిచ్చి పంపిస్తాను."

సంతోషంగా ఇంటికొచ్చి చెప్పాను. అమ్మాయి ఆ సాయంత్రమే తిరగరాసి, మర్నాడు ఇచ్చేసింది. మధ్యాహ్నం సారు ఫోను.

"మీ అమ్మాయి ఏం చేసిందో చూశారా అండీ? అందరికీ దిగ్విజయమే పెట్టింది! మన కోటలు కూలగొట్టినవాడిది కూడా దిగ్విజయమేనట! ఇది చదివితే నన్ను బడిలో ఉండనిస్తారా? రేపటిలోగా సరిచేయమనండి, లేదంటే ఉన్న నలుగురినే పంపేస్తాను."

సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి అడిగాను.

"సారే మార్చమన్నడు, మార్చిన" అంది.

"అన్ని చోట్లా మార్చమన్నడా?"

"రెండిట్ల ఏదన్నా రాస్త డాడీ. కానీ అందరికీ ఒక్కటే రాస్త."

"ఒక్క మాటే కద బిడ్డా, మార్చెయ్ రాదు! స్టేజీ ఎక్కినంక నీకు నచ్చింది చెప్పు."

"అంటే ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటా?"

ఇంకో రెండుసార్లు బతిమాలాను. అది కాగితం ముట్టలేదు. లోపలికి పోయి ముసుగుపెట్టుకుని ఏడ్చింది. నేను తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

శనివారం పోటీకి బడి వ్యాను నలుగురితో వెళ్ళింది. నాకింకా కోపం తగ్గలేదు. సారు మీద చూపిద్దామంటే ఆయన భయం నాకు అర్థమైంది. పిల్ల మీద చూపిద్దామంటే తప్పు దొరకడం లేదు. ఇక మిగిలింది, ఆ సాయంత్రం దాన్ని మూడుసార్లు బతిమాలిన మనిషి ఒక్కడే.