స్వరపేటికలో మూడు మిల్లీమీటర్లు

కేన్సర్ ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో ఆయన్ని అందరూ మైనం మాష్టారు అంటారు. రోగికి కిరణాలు ఏ వైపు నుంచి, ఎంత మోతాదులో పోవాలో లెక్క కట్టే పని ఆయనది. అక్కడి పాత కంప్యూటర్ చూపిన అంకెను మాత్రం చచ్చినా నమ్మరు. మైనంతో రోగి మెడ నమూనా చేసి, మధ్యలో గాలిగొట్టమంత బెజ్జం తొలిచి, కిరణాల మోతాదు పట్టి చూపే ఫిల్ము పెట్టి కొలిచాకే ప్లాను మీద సంతకం. కొలవకుండా ప్లాను తెచ్చిన జూనియర్లకు తల వాచేలా చీవాట్లు పడేవి.

"గాలి ఉత్త ఖాళీ అనుకుంటున్నారా? అది గజదొంగ!" అనేవారు. గాలిలోంచి బయటపడిన కిరణం కండలో అడుగు పెట్టగానే పూర్తి బలం చూపదు. కొన్ని మిల్లీమీటర్లు పోయాక గానీ పుంజుకోదు. ఆ సంగతి కంప్యూటర్ బుర్రకెక్కదు.

అలాంటి మనిషి బావగారికే స్వరతంత్రి మీద కేన్సర్ గడ్డ లేచింది. వేలంపాటలు నడిపే మనిషి, గొంతే ఆయనకు కూడు పెట్టేది. కొలతకి ఒక రోజు పడుతుందంటే అక్క ఫోను మీద ఫోను చేసింది.

"ఎల్లుండి దాకా ఆగడమేంట్రా? ఊరందరికీ చేస్తావు, మీ బావకి రేపు మొదలెట్టలేవా?"

అక్కంటే మాష్టారికి హడలు. ఊళ్ళోవాళ్ళ మెడలన్నిటికీ మైనం కరిగించిన పెద్దమనిషి, సొంత బావ ప్లాను మీద కొలవకుండానే సంతకం గీకేశారు. ఆ ఒక్క పూటకి కంప్యూటర్ మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

నాలుగు రోజుల చికిత్స అయ్యాక మనసొప్పక మైనం కరిగించారు. గాలిని ఆనుకున్న మూడు మిల్లీమీటర్లలో మోతాదు పదో వంతు తక్కువ. గడ్డ కాపురం పెట్టింది సరిగ్గా అక్కడే. మాష్టారు ఆ ఫిల్ము పట్టుకుని పెద్ద డాక్టరు గదికి పరిగెత్తారు.

పెద్ద డాక్టరు ఫిల్ము చూశారు. "ఇంకా ఇరవై నాలుగు రోజుల చికిత్స ఉంది, ప్లాను మార్చి సర్దేద్దాం. రోగికి చెప్పాల్సింది మాత్రం సంతకం పెట్టినవాళ్ళే. ఆ రూలు మీరు పెట్టిందే కదా!"

బయట బెంచీ మీద బావగారు కూర్చుని ఉన్నారు. డాక్టర్లు మాట్లాడకూడదన్నారని ఒళ్ళో పలక పెట్టుకున్నారు.

"బావా, నీ మెడ ఒక్కటే కొలవలేదు. నాలుగు రోజులూ గడ్డకి తక్కువ పడింది. తప్పు నాదే. ఇవాళ్టి నుంచి సరిచేస్తాం."

 బావగారు పలక మీద రాశారు: "మీ అక్కకి తెలుసా?"

"లేదు."

తుడిచి మళ్ళీ రాశారు: "నేనే చెప్తా. గొంతొచ్చాక. వీధి వీధంతా వినేలా."

మాష్టారికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ తన్నుకొచ్చింది.

"చెప్పు బావా," అన్నారు. "గట్టిగా చెప్పు."