ఉయ్యాల ఎదుటి కెమెరా

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "జర ఊకోండ్రి" అని లేచిపోయేదాన్ని. నేను ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే మనిషిని. కంటికి కనబడనిది ఉందంటే మైక్రోస్కోప్ కింద చూపించమంటాను.

కాన్పుకు మరిపెడలో అమ్మగారింటికి వచ్చాను. ఇరవయ్యొక్కో రోజు వేడుక చేసేదాకా బాబును బయటివాళ్లకు చూపించొద్దని అమ్మ పట్టు. జనగామలో ఉన్న మా అత్తమ్మకేమో మనవణ్ని చూడాలని ఒకటే ఆరాటం.

"ఫోన్ల జూస్తే దిష్టేం తాకుతది బిడ్డా?" అంది.

నాకూ నిజమే అనిపించింది. తమ్ముడు ఉయ్యాల ఎదురుగా గోడకు మేకు కొట్టి, అటువాళ్ల మాట ఇటు వినిపించే కెమెరా తగిలించాడు. పాస్‌వర్డ్ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. గడప దగ్గర అందరినీ ఆపిన మేమే ఆ పని చేశాం.

ఒక మధ్యాహ్నం బాబుకు పాలిస్తున్నాను. కెమెరా మెల్లగా నా వైపు తిరిగింది. అత్తమ్మే ఫోన్‌లోంచి తిప్పిందనుకుని టవల్ కప్పుకున్నాను. అందులోంచి ఒక ఆడగొంతు బాబును పేరు పెట్టి పిలిచింది.

నా ఒళ్లు ఝల్లుమంది. ఆ పేరు నేను మనసులో అనుకున్నది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎక్కడా రాయలేదు, ఫోన్‌లో వెతకనూ లేదు.

అత్తమ్మకు ఫోన్ చేశాను. "నాట్లకాడున్న బిడ్డా, పొద్దటిసంది చూడనే లేదు. ఏమైంది, పిలగాడు మంచిగున్నడా?" అంది కంగారుగా. గ్రూపులో ఎవరిని అడిగినా మేం కాదన్నారు.

తమ్ముడు యాప్ తెరిచి తెల్లబోయాడు. "అక్కా, మనోళ్లవి కాని ఫోన్లు గూడ ఉన్నయే ఇందుల."

ఆ పాస్‌వర్డ్ ఎవరో ఎవరికో పంపారు, వాళ్లు ఇంకెవరికో. ఇన్నాళ్లూ నేను పాలిచ్చింది, బట్టలు మార్చుకున్నది ఎవరెవరు చూశారో! ఇంతకంటే దయ్యమైతేనే నయమనిపించింది. నా బిడ్డను చూస్తున్నదెవరో తెలియక ఏడ్చేశాను.

తమ్ముడు వైరు పీకి కెమెరా తీసేశాడు. ఏ దొంగముఖమో చూసిందంటే నమ్ముతాను, పిలిచిందన్నా నమ్ముతాను. కానీ నా నోట్లోంచి రాని పేరు ఎలా తెలిసింది? నిద్రలో పలవరించావేమో అంటాడు మా ఆయన. పక్కనే పడుకున్న అమ్మ వినలేదంటుంది.

బాబుకు వేరే పేరు పెట్టాం. ఆ పాత పేరు ఇక్కడ కూడా రాయను.

మొన్న మరిపెడ వెళ్లినప్పుడు వాడు అదే గదిలో బోర్లాపడి ఆడుకుంటున్నాడు. ఏం బుద్ధి పుట్టిందో, వెనక నిలబడి ఆ పేరుతో మెల్లగా పిలిచాను. వాడు నా వైపు తిరగలేదు. తలెత్తి, గోడకు మిగిలిన మేకు వైపు చూసి నవ్వాడు.

ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. ఆ నవ్వు ఎవరిని చూసి నవ్వాడో నాకిప్పటికీ తెలియదు.