మా అన్న కారుకు బీరువా రంగు

మా అన్న చనిపోయిన తర్వాత కూడా ఆయన కారును చూసి జనం చేతులు ఎత్తేవాళ్లు. తర్లుపాడు దగ్గర మొదలయ్యేది. చెట్టు కింద బస్సు కోసం కూర్చున్నవాళ్లలో ఒకరు, కంది చేలోంచి ఒకరు, గొర్రెలు తోలుకుని పోయేవాళ్లలో ఒకరు చెయ్యి పైకి లేపేవాళ్లు. స్టీరింగు ముందు ఉన్నది నేనని కనపడేంత దగ్గరికి వచ్చాక ఆ చెయ్యి సగంలో ఆగిపోయి, తలగుడ్డ సర్దుకుంటున్నట్టు కిందికి దిగేది.

అంత దూరం నుంచి గుర్తుపట్టేది రంగును బట్టే. ఎవరో బడి బస్సులకు రంగు వేయించగా మిగిలిన డబ్బాలు ఇస్తే, అన్న తన పాత కారుకు ఆ పసుపు తానే కొట్టుకున్నాడు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా మనుషులను ఎక్కించుకుని తిప్పేవాడు. ఆ దారిలో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఒక ఎండాకాలం పొద్దున బేస్తవారిపేట దాటాక కారును రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడట. వెనక కూర్చున్నవాళ్లు నిద్ర ఆపుకోలేక కాసేపు పడుకున్నాడేమో అనుకున్నారు. చాలాసేపు లేపలేదు. మాకు తెలిసింది అంతవరకే. మేము పెద్దాసుపత్రికి పోయేసరికి ఆయన్ని గుడ్డ కప్పి ఉంచారు.

నేను అర్ధవీడు వైపు ఒక పల్లెలో నర్సుగా పనిచేస్తాను. బస్సులు దొరకవు. ఉన్న కారును వచ్చిన ధరకు అమ్ముకుంటే మళ్లీ అలాంటిది కొనలేము. అందుకని వదిన తాళాలు నాకిచ్చింది. మార్కాపురంలో మా ఇల్లు, అన్న ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ. వాళ్లకు పిల్లలు లేరు. నా భర్త ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగుళూరులో ఉంటాడు. పగలంతా ఆ రెండిళ్ల మధ్య వాకిట్లో వదిన ఒక్కతే.

చేతులు ఎత్తేవాళ్ల సంగతి ఎట్లో ఓర్చుకున్నాను. కంభం దగ్గర ఒక ముసలాయన మాత్రం, నేను టీ తాగి వచ్చేలోపు, వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండానే, ఏంది నాయనా, ఇన్నాళ్లు కనపడలా, అన్నాడు. నేను అన్న లేడని చెప్పాను. ఆయన సంచి తీసుకుని, తలుపు మెల్లగా వేసి, బస్సుల వైపు నడిచిపోయాడు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరికి చెప్పాల్సి వచ్చింది. మా అన్న ఆ రోడ్డు మీద ఒక్కొక్కరి దగ్గర మళ్లీ మళ్లీ చనిపోతున్నట్టు ఉండేది. ప్రతిసారీ ఆ కబురు మోసుకుపోయేది నేనే.

వదిన అడిగేదాకా రంగు మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు. ఒక సాయంత్రం నేను కారు వాకిట్లో పెడుతుంటే ఆమె తలుపులో నిలబడి ఉంది. చేతిలో చెంబు ఉంది. అన్న వస్తే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇచ్చేది అలాగే.

"కిటికీలోంచి పసుపు కనపడింది అమ్మాయ్. లేచి నీళ్లు ముంచుకొచ్చినా," అంది. "దాన్నన్నా అమ్మేయ్, రంగన్నా మార్చు. నాకు ఇట్ల వద్దు."

కార్లకు రంగు వేసే షెడ్డులో అడిగితే, వాళ్లు చెప్పిన మొత్తం విని వెనక్కి వచ్చేశాను. మా వీధి చివర బీరువాలకు రంగు కొట్టే సాయిబు ఒకాయన ఉన్నాడు. మా అన్నకు స్నేహితుడు, నేను ఆయన్నీ అన్నా అనే పిలుస్తాను. సంగతి విని, కంప్రెసరూ రంగు చిమ్మే గన్నూ ఆదివారం తీసుకుపొమ్మన్నాడు. రంగు కూడా కొనొద్దన్నాడు. బీరువాలకు కొట్టగా మిగిలిన బూడిద రంగు రెండు డబ్బాల నిండా ఉంది, మీ అన్నకేమీ కొత్త డబ్బా తెరిచే అలవాటు లేదులే చెల్లెమ్మా, అని నవ్వబోయి, నవ్వకుండా లోపలికి పోయాడు. నేను కొన్నది ప్రైమరు, థిన్నరు, రుద్దే కాగితాలు, అంతే.

ముందు పాత రంగంతా రుద్దాలి. పని నుంచి వచ్చాక రోజూ బకెట్టు నీళ్లు పెట్టుకుని, కాగితం తడుపుకుంటూ రుద్దేదాన్ని. మొదట్లో వదిన బయటికి రాలేదు. వంటింట్లోంచి ఆ గరగర వింటూ ఉండేది. ఒక రోజు నా చేతిలో కాగితం తీసుకుని ముందు తలుపు దగ్గర కూర్చుంది. పసుపు నీళ్లు మా ఇద్దరి మోచేతుల మీదుగా కారి, వాకిలి దాటి కాలవలోకి పోయేవి. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పోయేది కాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు ఆమె చేతులు చూశాను. పెళ్లికూతురి చేతుల్లాగా ఉన్నాయి. ఆమె కూడా చూసుకుని, కొంగు కింద దాచుకుంది.

పసుపు కింద నుంచి ముదురు ఎరుపు బయటపడింది. కొన్న రోజున కారు ఆ రంగులోనే ఉందని వదిన చెప్పింది. అప్పుడు వాళ్ల పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఆమెను ఎక్కించుకుని కంభం చెరువు చూపించడానికి పోతే, దారిలో ఇంజను పంపు పాడై, చెరువు కట్ట కనపడేంత దూరంలో కారు ఆగిపోయింది. ఆ పూటంతా ఆయన బానెట్టు కింద తల పెట్టుకునే ఉన్నాడు, చెరువు చూడనే లేదు, అంది. అన్న గురించి ఆమె అన్ని మాటలు మాట్లాడటం ఆయన పోయాక అదే మొదలు. రుద్దుతూ మాట్లాడేది. చెయ్యి ఆగితే మాట కూడా ఆగేది.

మా ఇంటి వెనక రాతి పలకలు కోసే కార్ఖానాలు ఉన్నాయి. పని జరిగే రోజుల్లో ఏది ఆరేసినా దాని మీద బూడిదలాంటి దుమ్ము పడుతుంది. అందుకే రంగు కొట్టడానికి ఆదివారం పెట్టుకున్నాం. చర్చి నుంచి రాగానే వాకిలంతా తడిపి, చుట్టూ పాత చీరలు కట్టి, అద్దాలకు పేపర్లు అంటించాం. బీరువాల అన్న వచ్చి గన్ను ఎంత దూరంలో పట్టుకోవాలో చూపించి, మొదటి పూత పైకప్పు మీద తానే కొట్టి, ఇంకో పని ఉందని పోయాడు. మిగిలింది నేను కొట్టాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా థిన్నరు వాసనకు కళ్లు నీళ్లు కారాయి. అక్కడక్కడ చారలు పడ్డాయి. అయినా ఒక్కొక్క తలుపూ మా అన్నది కాకుండా పోతుంటే నాకు ప్రాణం తేలికగా ఉందనిపించింది. అలా అనిపించినందుకు భయం కూడా వేసింది.

నడిపేవాడి తలుపు దగ్గర మాత్రం రంగు నిలబడలేదు. కిటికీ కింది అంచున, మూరెడు పొడవున, కొట్టిన రంగు కొట్టినట్టే విచ్చుకుపోయింది. చిన్న చిన్న గుంటలు పడి, అవి పెద్దవై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, చివరికి అడ్డంగా పెట్టిన మోచెయ్యి ఆకారంలో కింది పొర బయటపడింది. తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టాను. మళ్లీ అక్కడే, అదే ఆకారం. వదిన రెండడుగులు వెనక్కి వేసింది.

బీరువాల అన్నకు ఫోను చేశాను. అక్కడ నూనె దిగి ఉంటుంది చెల్లెమ్మా, అన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. ఎండకు చర్మం పగులుతుందని అన్న రోజూ చేతులకు కొబ్బరినూనె రాసుకునేవాడు. కారులో ఏసీ లేదు. అద్దం దించి, మోచెయ్యి ఆ అంచు మీద పెట్టుకునే ఇన్నేళ్లూ నడిపాడు. సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డను థిన్నరులో ముంచి గట్టిగా తుడిస్తే పోతుంది, తుడిచాకే రంగు కొట్టు, అని చెప్పి ఆయన ఫోను పెట్టేశాడు.

గుడ్డ తడుపుతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"తుడవబాకు," అంది.

రంగు మార్చమని అడిగిన మనిషి ఆమె. నేను తడి గుడ్డ పట్టుకునే నిలబడ్డాను. ఆమె ఆ అంచు మీద తన మోచెయ్యి పెట్టి చూసింది. ఆ ఆకారం ఆమె చేతికి పెద్దది. అలా ఎంతసేపు నిలబడిందో నేను చెప్పలేను. గన్నులో రంగు చిక్కబడుతోందని నాకు ఒక పక్క ఆదుర్దాగా ఉంది, దానికి నా మీద నాకే అసహ్యంగానూ ఉంది. చివరికి ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది. వీధిలో ఎవరికో చెప్పినంత మామూలుగా, కారులోకి చూస్తూ అంది.

"చాల్లేవయ్యా. ఇంక దిగు."

అని, తనే తుడిచింది. గుడ్డ మార్చి మార్చి, సబ్బుతో, థిన్నరుతో, చేతులు మండుతున్నా ఆపకుండా తుడిచింది. ఆ తర్వాత కొట్టిన పూత నిలబడింది.

ఆ మరుసటి రోజు పనికి పోతుంటే ఎవరూ చెయ్యి ఎత్తలేదు. కారు ఎదురుగా వస్తుంటే జనం చూపు పక్కకు తిప్పుకున్నారు, ఏ కారునైనా చూసినట్టే. నేను కోరుకున్నది అదే. కానీ మనుషులు నిలబడిన ప్రతిచోటా నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. దారి పొడుగునా ఆయన్ని వెతుకుతున్నది ఇప్పుడు నేనొక్కదాన్నే అనిపించింది.

కొన్ని వారాలు గడిచాక వదిన, అన్న పోయిన చోటు చూడాలంది. ఇద్దరం పోయాం. బేస్తవారిపేట దాటాక రోడ్డు పక్కన వేపచెట్టు, దాని కింద ఒక బంకు ఉన్నాయి. బంకులో మా వదిన వయసు ఆడమనిషి సోడాలు అమ్ముతోంది. కారును చూసి, ఇదేం రంగమ్మా, బీరువా నడిచొచ్చినట్టుంది, అని నవ్వింది. మేం ఎవరమో ఆమెకు తెలియలేదు. కారును పోల్చుకోలేదు. సోడా తాగుతూ, ఈ చెట్టు కింద నీడ బాగుందే, అని వదిన ఊరికే అన్నట్టు అంది.

బంకు ఆమె మాకు చెప్పింది. పసుపు కారాయన ఒకడు ఇక్కడే పోయినాడని, అప్పుడప్పుడూ ఆగి సోడా తాగేవాడని చెప్పింది. ఆ రోజు ముఖం చెమటతో తడిసిపోయి ఉంటే, నీళ్లు కావాల్నా అని ఈమే కిటికీ దగ్గరికి పోయిందట. తాను తాగకుండా, వెనక పసిబిడ్డ ఉంది, ముందు వాళ్లకియ్యి అన్నాడట. ఆ బిడ్డ తల్లికి ఇచ్చి, చెంబు మళ్లీ నింపుకుని వచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నిద్ర పోయినాడులే అని, ఎండ పడుతుంటే నా తువ్వాలు అద్దానికి అడ్డం కట్టినా," అంది. "నొప్పి పడినట్టు కూడా లేదమ్మా. పాపం, ఆయన పెళ్లాం ఎట్లుందో ఏమో."

నేను వదిన వైపు చూడలేకపోయాను. చెప్పేస్తుందేమో అనుకున్నాను. ఆమె ఖాళీ సీసా బల్ల మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగానే ఉందంట," అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు సీటులో కూర్చుంది. కంభం దాటాక, ఆ తువ్వాలు ఎవరు విప్పి తీసుకుపోయారో, బంకు ఆమెకు తిరిగి ఇచ్చారో లేదో అడగాల్సింది, అంది.