పరీక్షకు ముందే పెట్టుకున్న కృతజ్ఞత కూడిక

ఫలితం రాకముందే వాడకట్టుకంతా భోజనాలు చెప్పిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే తీరిగ్గా కూర్చోండి, నేనే ఆ మనిషిని. మైకు పట్టుకుని మరీ నా పరువు నేనే ఎలా తీసుకున్నానో మొదటినుంచీ చెబుతాను.

నా పేరు ప్రభుదాస్. చేవెళ్లలో కంప్యూటర్ రిపేరు షాపు, మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లో ఇల్లు, ఈ రెంటి మధ్య బస్సు కిటికీ పక్కన కూర్చుని కనే పగటి కలలు, ఇదీ నా ఇరవై ఏళ్ల జీవితం. ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టి సగం మండలాన్ని బతికించినవాణ్ణి. కానీ కంప్యూటర్లు జనం జేబుల్లోకి వెళ్లిపోయాక షాపుకు ఈగలు కూడా మొహమాటానికే వచ్చేవి.

అలాంటి రోజుల్లో మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిపించారు. అక్కడ ఏ మెషిన్ చెడిపోయినా నేనే పోయేవాణ్ణి.

"ప్రభుదాస్ గారు, మా ల్యాబులకు పర్మనెంటు మనిషి కావాలె. మీరైతే మంచిగుంటది. కానీ కంప్యూటర్ రిపేరుకు ఒక ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్ పరీక్ష ఉంటది, అది పాసై రాండ్రి."

"మేడమ్, అది ఇంటర్ అయిపోయిన పిల్లలు రాసేది గద. నేను ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న."

"తెలుసు. అయినా రాయుండ్రి."

ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. అది రాకపోతే షాపు మూసి ఏం చేయాలో కూడా తెలియదు. అయినా ఒళ్లు మండింది. అవధానం చేసేవాణ్ణి అఆలు దిద్దమన్నట్టు! నా భార్య సునీత ఎక్కడో వెతికి ఆ పరీక్ష పుస్తకం తెచ్చిపెడితే, ఊగుతున్న టేబుల్ కోడు కింద పెట్టాను. టేబుల్ మాత్రం బాగా నిలబడింది.

చదువు మానేశాను గాని కలలు మానలేదు. కళ్లు మూస్తే చాలు, చల్లటి ఏసీ గది, గిర్రున తిరిగే కుర్చీ, మెళ్లో నీలం రిబ్బన్‌కు వేలాడే గుర్తింపు కార్డు. "సార్, సార్" అంటూ పిల్లలు. ఆ మత్తులోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టర్ దగ్గరికి తేలుతూ పోయాను.

"అయ్యగారూ, పరీక్ష దినమే సాయంత్రం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం. ప్రార్థన మీది, అందరికి భోజనాలు మావి."

"పాసైనంక పెట్టుకుంటే కాదా, ప్రభుదాస్?"

"పాసైనట్టే అయ్యగారూ. విశ్వాసం ఉండాలె గద!"

చూశారా, పాస్టర్‌కే విశ్వాసం గురించి చెప్పాను. ఆయన మాత్రం ఏమంటారు? అందరికీ ప్రకటించేశారు. సునీత నెత్తి కొట్టుకుంది.

"ఏమయ్య, ఇల్లు అలకంగనే పండుగ కాదంటరు. నువ్వు ఇల్లు కట్టకముందే చేస్తున్నవ్."

"నువ్వు మసాలా సంగతి చూడు, మిగిలింది నేను చూసుకుంట."

పరీక్ష మెహిదీపట్నంలో. పొద్దున్నే షేర్ ఆటోలో రోడ్డు మీదికొచ్చి బస్సెక్కాను. పొగమంచులో బంతిపూల తోటలు పసుపు మరకల్లా వెనక్కి జారిపోతున్నాయి. దారిలో ఆ కాలేజీ గేటు కనిపించగానే, వాచ్‌మన్ నాకు సలాం కొట్టినట్టనిపించింది. నేనూ కిటికీలోంచి తలూపాను. వాచ్‌మన్ పాపం పళ్లు తోముకుంటున్నాడు.

పరీక్షలో మొదటి ప్రశ్న: ప్రింటర్ పనిచేయడం లేదని ఒకరు ఫిర్యాదు చేశారు, మీరు ముందు ఏం చేస్తారు? నాలుగు జవాబులున్నాయి. విప్పి చూడటం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించటం, భాగం మార్చటం, ఏం జరిగిందో వాళ్లనే అడగటం. నాకు నవ్వొచ్చింది. అడిగితే ఏం చెబుతారండీ? "నిన్నటిదాక మంచిగనే ఉండె" అంటారు. ఇరవై ఏళ్లలో ఇంకో మాట అన్న కస్టమర్ పుట్టలేదు. విప్పి చూడటం నొక్కాను. తరవాతి ప్రశ్నకూ విప్పాను. ఆ తరవాతిదీ విప్పాను. ఒక్కో ప్రశ్నకూ మధ్య కాసేపు తిరిగే కుర్చీలో తిరిగొచ్చాను. అరవై ప్రశ్నలూ అయ్యాక తెర మీద ఫలితం వెలిగింది. ఫెయిల్.

అక్కడ పర్యవేక్షణకు కూర్చున్న అమ్మాయి దగ్గరికి పోయాను.

"అమ్మా, ఈ మెషిన్ తప్పు చూపిస్తున్నట్టున్నది. ఒక్కసారి విప్పి చూద్దమా?"

"మెషిన్ మంచిగనే ఉన్నది, అంకుల్," అందా పిల్ల, చాలా దయగా.

తిరుగు బస్సులో అవే తోటలు, కానీ నా కంటికి ఆనలేదు. ఈ బస్సు మా ఊరి మలుపులో ఆగకుండా బీజాపూర్ దాకా పోతే ఎంత బాగుండును! అక్కడ నన్నెవరూ ఎరగరు. ఎవరికీ భోజనాలు చెప్పలేదు కూడా. కానీ కండక్టర్ మా ఊరి పేరు గట్టిగా అరిచి మరీ దించాడు.

ఇంటి ముందు షామియానా, వరసగా కుర్చీలు, పొయ్యి మీద మటన్ ఘుమఘుమ. ముందు వరసలో ఎవరు? ప్రిన్సిపాల్ మేడమ్! ఆమెను పిలిచిందీ నేనే, ఆ కలల మత్తులోనే. ముఖం కడుక్కునేలోపే పాట అయిపోయింది, పాస్టర్ మైకు నా చేతికిచ్చారు.

"ఇప్పుడు మన ప్రభుదాస్ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తడు."

"దేవునికి స్తోత్రం. పొద్దున పరీక్ష రాసిన," అన్నాను.

"ఆమెన్!" అన్నారందరూ.

"అన్ని ప్రశ్నలు చదివిన."

"హల్లెలూయ!"

"అన్నిటికి జవాబు పెట్టిన."

"స్తోత్రం!"

"ఫెయిలైన."

"ఆమెన్!" అంది వెనక వరస, ఊపు ఆపుకోలేక.

సునీత కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపుకు కాదు. పక్కింటి టీచర్ మెల్లగా లేచాడు.

"అన్నా, మొన్న నా లాప్‌టాప్ నువ్వే బాగు చేసినవ్ గద. ఇంకెవరికన్నా ఒకసారి చూపియ్యాల్నా?"

అందరూ విరగబడి నవ్వారు. పాస్టర్ గబగబా ప్రార్థన ముగించి భోజనాలకు లేపారు. ఉద్యోగం పోయిందనుకుని నేను షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డాను. మేడమ్ ప్లేటు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు.

"ఏడ తప్పినరు?"

అన్నిటికీ విప్పి చూడటమే నొక్కానని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మా ఆఫీసు ప్రింటర్ ఎన్నిసార్లు విప్పినరు?"

"నాలుగుసార్లు, మేడమ్."

"ఎందుకు జామ్ అయితున్నదో ఎవరినన్న అడిగినరా? మా క్లర్కు పిన్నులు తీయకుండ పాత కాయితాలు పెడతడు. చెప్దామని వస్తే, 'జర పక్కకు జరుగు' అన్నరట."

ఈసారి నేనే జర పక్కకు జరిగాను.

"చేతుల పని మీ అంత మంచిగ ఎవ్వరికి రాదు," అన్నారామె. "కానీ మీకు పని నేర్పినోళ్లు చివరి పాఠం, విప్పుడే నేర్పిండ్రు. మొదటిది, అడుగుడు, నేర్పలే. ఆ పరీక్షల ఉన్నది గదే. నెల ఆగుత. మళ్ల రాయుండ్రి."

సిగ్గేసింది. ఆ సిగ్గుకు అడుగున బోలెడంత సంతోషం కూడా వేసింది. మర్నాడు టేబుల్ కింది పుస్తకం లాగాను. టేబుల్ ఒరిగింది, నేను నిలబడ్డాను. నెలలోపు, పిట్టకు కూడా చెప్పకుండా పోయి, రాసి, పాసయ్యాను.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ క్లర్కు వచ్చాడు. "సార్, ప్రింటర్ నడుస్తలేదు."

చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. వెనక్కి లాక్కుని, సర్టిఫికెట్ ఉన్నవాడి ఠీవితో అడిగాను. "ఏం జరిగింది? మొదటినుంచి చెప్పు."

పాపం, ఆయన్ని ఎవరూ అలా అడిగినట్టు లేరు. కుర్చీ లాక్కున్నాడు. ఆ ప్రింటర్ కొన్న రోజు పడిన వాన, దాన్ని మోసినప్పుడు పట్టేసిన నడుము, ఆ నడుముకు బామ్మర్ది చెప్పిన వైద్యం, ఆ బామ్మర్ది పెండ్లి, పెండ్లిలో తక్కువైన కూర... లంచ్ బెల్లు కొట్టాక అసలు సంగతికొచ్చాడు.

"కాయితాలు అయిపోయినయి సార్, గంతే."

కాబట్టి పాఠకులారా, నా టూల్‌కిట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట అడగకుండా స్క్రూ విప్పను, మార్కులు చూడకుండా మసాలా నూరించను, ఏం జరిగిందో "మొదటినుంచి" చెప్పమని మాత్రం జన్మలో ఎవరినీ అడగను.