అట్ట మీది అల

ఫిజిక్సులో ఎమ్మెస్సీ ముగించి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, గడ్డం పెంచుకుని తిరిగే ఆ కాలంలో నాకు ఒక సంగతి మాత్రం గట్టిగా తెలుసు. మనుషులు సరైన పుస్తకం చదవకపోవడం వల్లే లోకంలో ఇన్ని కష్టాలు. అలాంటివాడిని తీసుకెళ్లి విడవలూరు అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక పాళెంలో తాత్కాలిక గ్రంథపాలకుడిగా కూర్చోబెట్టారు. ఇక ఊరి పని అయిపోయినట్టే! ఆ గ్రంథాలయం ఒకే ఒక్క గది. వాన బయటకన్నా లోపల ఎక్కువ కురిసేది. పాఠకులంటే పొద్దున్నే పేపరు కోసం వచ్చే ముసలివాళ్లు (ఒకాయన చదివేవాడు, మిగిలినవాళ్లు ఆయనతో పోట్లాడేవారు), ఉద్యోగ పరీక్షల పుస్తకాలు తప్ప ఇంకేదీ ముట్టని కుర్రాళ్లు, ఎండ ముదిరితే రెండు మూడు మేకలు. సాయంత్రం తలుపు వేసేటప్పుడు నా జీవితం ఇంతేనా అనిపించి ఏడుపొచ్చేది.

ఆ ఏడాది అందరికీ అర్థమయ్యే సైన్సు పుస్తకాలు కొనమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఎంపిక నెల్లూరులో, ఒక పెద్ద హాల్లో. ప్రచురణకర్తలు పంపిన పుస్తకాలన్నీ బల్లల మీద పరుస్తారు. మేము పెళ్లిచీరలు ఎంచినట్టు ఒక్కొక్కటీ తీసి, నచ్చినవి పక్కన పెట్టాలి. అక్కడ మా పై అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన్ని చాటుగా అట్టల సారు అనేవాళ్లం. ఆయన పుస్తకం లోపలికి ఎన్నడూ వెళ్లిన పాపాన పోలేదు. అట్టను గోటితో గీకేవాడు, కుట్టు లాగి చూసేవాడు, బొమ్మను చేయి చాచి దూరంగా పట్టుకుని చూసేవాడు. అంతటితో సరి. "లోపల ఏముండాదో చదివేవాడు చూసుకుంటాళ్లేబ్బా. ఇంట్లో పదిమందికీ కనపడేది అట్టే గదా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆయన చూస్తుండగానే ప్రతి పుస్తకమూ తెరిచి, విషయసూచిక మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివేవాణ్ణి. ఎవరి బతుకు గురించి వాళ్లకు చెబితేనే సైన్సు తలకెక్కుతుందని నా సిద్ధాంతం. కాబట్టి చేపలు పట్టేవాళ్లకు సముద్రం. ఆటుపోట్లు, గాలివాటం, చేపల వలసలు, అన్నిటికన్నా మిన్నగా ఉప్పెనల గురించి ఒక పుస్తకం. దాని విషయసూచిక చూసి పరవశించిపోయాను. అట్ట మీద కొండంత నల్లటి అల, దాని కింద ఒక చిన్న పడవ ఉన్నాయి. "ఇది పాళెంలోకి తీసకపోతావా?" అన్నాడు అట్టల సారు. "లోపల చూడండి సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని టీకి వెళ్లిపోయాడు.

పుస్తకాలు వచ్చాయి. ఒక్కరూ ముట్టలేదు. "రోజంతా దాంతోనే చస్తన్నాం గదా సార్, ఇంటికొచ్చి గూడా దాన్నే చదవాల్నా? మంచుకొండలవి ఏమన్నా ఉంటే ఈండి" అన్నాడు ఒక పెద్దమనిషి. నా సిద్ధాంతాన్ని నిలబెట్టింది ఒకే ఒక్క ఇంటర్ పిల్ల. ఆ పిల్లకు నేను మనసులో శాస్త్రవేత్త అని పేరు పెట్టుకున్నాను. వచ్చిన ప్రతి పుస్తకమూ వరసగా తీసుకుపోయి, మర్నాడు నాకు జవాబు తెలియని ప్రశ్నతో తిరిగొచ్చేది. ఉప్పెన పుస్తకం కూడా అలాగే తీసుకుపోయింది. ఆ రోజే వాళ్ల నాయన వేటకు వెళ్లాడు. మర్నాడు మిగతా పడవలన్నీ ఒడ్డుకు వచ్చాయి. ఆయనది రాలేదు. ఫోను అందలేదు. వెతకబోయినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఆ మర్నాడు పొద్దున పిల్లను వెంటబెట్టుకుని వాళ్ల అవ్వ వచ్చింది. పుస్తకాన్ని పైటకొంగుతో పట్టుకుని తెచ్చి నా బల్ల మీద బోర్లా పెట్టింది. "నీ పుస్తకం నువ్వే ఉంచుకో నాయనా. ఈ పిచ్చిది దేవుడి గూట్లో పెట్టింది. మొగోడు సంద్రం మీద ఉంటే ఇట్టాంటి బొమ్మ ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా?" ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. అది వట్టి కాగితం అవ్వా అన్నాను. ఇంజను ఆగిపోయి ఉంటుంది, గాలి దక్షిణం నుంచి ఉంది కాబట్టి పడవ ఉత్తరానికి కొట్టుకుపోతుంది అన్నాను. లేచి గోడమీది మ్యాపులో కూడా చూపించాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది. విని, "అయితే వాడొస్తాడా?" అని అడిగింది. నా ఎమ్మెస్సీ అక్కడ ఆగిపోయింది.

ఆ సాయంత్రం నేనూ ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాను. ఆడవాళ్లెవరూ ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. నాకు భయం వేసింది. (బయలుదేరే ముందు ఆ పుస్తకాన్ని బీరువాలో గోడవైపు తిప్పి పెట్టి తాళం వేశాను. ఎందుకని అడగకండి.)

మరునాటి మధ్యాహ్నం కబురొచ్చింది. పడవ బోగోలు వైపు కొట్టుకుపోయిందట. అక్కడి పడవవాళ్లు చూసి ఒడ్డుకు లాక్కొచ్చారట. ఇంజను ఆగింది, పడవ ఉత్తరానికే పోయింది. నేను చెప్పినట్టే జరిగింది! సైన్సు గెలిచిందని చాటడానికి పరుగెత్తాను. కానీ ఊరు అప్పటికే తేల్చేసింది. పుస్తకం గడప దాటింది, పడవ కనిపించింది. ఇంకేం రుజువు కావాలి? పొద్దుగూకేలోపు ఏళ్లతరబడి ఇళ్లలో మూలుగుతున్న పుస్తకాలన్నీ వెనక్కి వచ్చేశాయి. జీర్ణకోశం గురించినదీ వచ్చింది, పాపం లెక్కల పుస్తకమూ వచ్చింది. మా గ్రంథాలయం అరలన్నీ నిండిన రోజు అదొక్కటే. శాస్త్రవేత్త మాత్రం రావడం మానేసింది.

ఆ ఒక్క పాఠకురాలూ పోతే నేను అక్కడ కూర్చోవడం దేనికి? కడుపు మండి వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాయన నన్ను గుమ్మంలోనే ఆపి, భుజం మీద చెయ్యేసి వలలు ఆరేసిన వైపు నడిపించాడు. "ఇంజన్లోకి నీళ్లు పోయినాయి సార్, అంతే. పుస్తకం ఏం జేసిద్ది, నాకు తెలవదా? మా అమ్మ ముందర మాత్రం ఆ మాట అనబాకండి. నా తమ్ముడు తుఫానులో పోయినాడు. శవం గూడా దొరకలా. ఆ బొమ్మలో పడవలో ఎవురుండారో మీకు తెలవదు. ఆమెకు తెలుసు."  పిల్లను పంపండి అని మాత్రం అన్నాను.

ఆయన పంపాడు, షరతులతో. పుస్తకం ఇంటికి తేకూడదు, అక్కడే చదువుకోవాలి, అవ్వ కాపలా ఉంటుంది. నేను ఉప్పెన పుస్తకం అట్టకు పాత పేపరు తొడిగాను. పిల్ల కిటికీ దగ్గర చదువుకునేది. అవ్వ గడప మీద కూర్చుని వక్క నములుతూ నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసేది. ఒకనాడు ఉన్నట్టుండి, "అందులో సంద్రం గురించి అంతా రాసుండాదంట గదా?" అని అడిగింది.

"ఉంది అవ్వా."

"పోయినోళ్లను యాడికి తీసకపోతాదో రాసుండాదా?"

పిల్ల చదవడం ఆపేసింది. జవాబు నాకు తెలుసు. తెలిసి కూడా ఎందుకో ఆ పుస్తకం అందుకుని, విషయసూచిక మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాను.

"లేదవ్వా."

ఆమె నా ముఖం చూసి జాలిపడింది. "పోనీలే నాయనా, రాసినాయన ఇంకా చిన్నోడేమో" అంది.

ఇప్పుడు నెల్లూరులో పుస్తకాలు ఎంచే ఆ హాల్లో పెద్దకుర్చీ నాది. జుట్టు నెరిసింది, గడ్డం ఎప్పుడో పోయింది. సముద్రం గురించిన పుస్తకం ఏది వచ్చినా విషయసూచికంతా చూసి, చివరి పేజీ కూడా తిరగేసి, ఆ తర్వాతే కొనవలసిన వాటిలో పెడతాను. "సార్ ఎంత శ్రద్ధగా చూస్తారో" అని కొత్తగా చేరినవాళ్లు మెచ్చుకుంటారు. శ్రద్ధ కాదమ్మా, ఒక ముసలావిడకు జవాబు బాకీ ఉన్నాను అని చెప్పబోతాను. ఎమ్మెస్సీ చదివినవాడు అనవలసిన మాటేనా అది అనిపించి, నవ్వేసి ఊరుకుంటాను.